అనధికార దోమలు

మల్లెలరేవుకు పేరులో మల్లెలున్నాయి గానీ ఊళ్ళో ఉన్నవన్నీ దోమలే. ఊరి నడిమధ్య పెద్ద కాలవ ఒకటి పారుతుంది. పారుతుంది అనడం మర్యాదకి, నిలబడి ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి ఆ కాలవ మీంచి దోమలు మబ్బులా లేచి, వార్డుల వారీగా విడిపోయి, ఎవరి పేటకి వాళ్ళన్నట్టు సర్దుకునేవి. పురపాలక సంఘంలో కూడా ఇంత క్రమశిక్షణ లేదని జనం చెప్పుకునేవారు.

ఆ కాలవ గట్టునే మాణిక్యాంబ కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉంది. కొట్టు పైగదిలో ఆమె కూతురు వకుళ కంప్యూటరు ఆట తయారుచేస్తోంది. వకుళ హైదరాబాదులో ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసింది. అక్కడ పగలంతా బ్యాంకుల వాళ్ళకి తెరలు గియ్యడమే పని. గీసి గీసి విసుగెత్తి, తన సొంత ఆట ఒకటి చేసి చూడాలని ఇంటికి వచ్చేసింది. కూతురు చేసేది ఉద్యోగమో ఆటో మాణిక్యాంబకి అంతుపట్టలేదు. అయినా అడిగినవాళ్ళకి మాత్రం, మా అమ్మాయి సొంతంగా పెట్టుకుందండీ అని గొప్పగానే చెప్పేది.

ఆట పేరు ‘పొగమిషను పుల్లయ్య’. వెనకటి రోజుల్లో టీవీకి తగిలించుకుని ఆడుకున్న ఆటల్లాగే గళ్ళు గళ్ళుగా, మొరటుగా ఉంటాయి బొమ్మలు. పుల్లయ్య తలకి తువ్వాలు చుట్టి, పంచె ఎగ్గట్టి, భుజాన దోమల మందు మిషను వేసుకుంటాడు. అతని మీసం ముఖంకంటే వెడల్పు. మేడ మీంచి మేడ మీదికి, నీళ్ళ ట్యాంకు మీంచి డిష్ యాంటెన్నా మీదికి డుబుక్కున గెంతుతూ, దోమల మీద పొగ గుళ్ళు పేలుస్తాడు. తగిలిన దోమ చేతులు జోడించి నమస్కారం పెట్టి రాలిపోతుంది. చివర్లో కళ్ళజోడు పెట్టుకున్న రాణి దోమ వచ్చి యుద్ధానికి ముందు ఉపన్యాసం ఇస్తుంది. వింటూ కునుకు తీస్తే ఆట పోయినట్టే. పుల్లయ్య చచ్చిపోయినప్పుడల్లా తెర మీద ‘మీ ఫిర్యాదు అందినది’ అని పడుతుంది.

ఊళ్ళో వాళ్ళకి ఆట తెగ నచ్చేసింది. బస్సుస్టాండులో, మంగలి షాపులో, చివరికి సినిమా హాల్లో సినిమా నడుస్తుండగా కూడా డుబుక్కు డుబుక్కు మని వినిపించేది. ఒక చేత్తో నిజం దోమని కొట్టుకుంటూ ఇంకో చేత్తో ఆటలో దోమని కొట్టేవారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న పురపాలక సంఘం నుంచి మనిషి వచ్చి, కమిషనరు గారు వకుళని రమ్మంటున్నారని చెప్పి వెళ్ళాడు. ఆ ‘మీ ఫిర్యాదు అందినది’ అన్న ముక్కే కొంప ముంచిందని వకుళ అనుకుంది. మాణిక్యాంబ కూతురికి మంచి చీర కట్టించి, మాటకి మాట చెప్పొద్దని, తల దించుకుని నిలబడమని నేర్పి పంపించింది.

కమిషనరు విశ్వపతి గారి గదిలో శానిటరీ ఇన్‌స్పెక్టరు గంగరాజు కూడా ఉన్నాడు. గంగరాజు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పొగమిషను వెనకే తిరిగిన మనిషి. దోమలకి ఏమైందో తెలియదు గానీ ఆయనకి మాత్రం దగ్గు పట్టుకుంది. కమిషనరు గారి చేతిలో ఫోను ఉంది. ఫోనులో పుల్లయ్య ట్యాంకు మీద నిలబడి ఉన్నాడు.

“ఇందులో చచ్చిన దోమలు ఏమవుతాయమ్మా?” అని అడిగారు కమిషనరు గారు, తల ఎత్తకుండా.

“ఏమీ అవ్వవండీ. స్కోరులో కలుస్తాయి.”

“అంటే లెక్క ఉంటుందన్నమాట.”

వకుళ ఉంటుందంది. కమిషనరు గారు ఫోను బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చాలాకాలంగా వెతుకుతున్న వస్తువు సొంత జేబులోనే దొరికినవాడిలా నవ్వారు. అప్పుడు విషయం చెప్పారు. ఎన్ని వీధుల్లో పొగ పెట్టారని ఇదివరకు పైనుంచి అడిగేవారట. ఈమధ్య ఫలితాల ఆధారిత పాలన వచ్చింది. ఎన్ని దోమలు చచ్చాయని అడుగుతున్నారు. చచ్చిన దోమని ఎవరు చూశారు? పొగ కమ్మిన వీధిలో పక్కనున్న మనిషే కనపడడు.

“తమరి సాఫ్ట్‌వేరులో మరణించిన ప్రతి దోమకీ సమయంతో సహా రుజువుంది,” అన్నారు. “రుజువున్న దోమే ప్రభుత్వ దృష్టిలో దోమ. కాబట్టి నేటి నుంచి మన పట్టణంలో దోమల నిర్మూలన ఇందులోనే జరగాలని విధాన నిర్ణయం తీసుకుంటున్నాం.”

వకుళకి అమ్మ చెప్పిన బుద్ధులు గుర్తున్నా నోరు ఊరుకోలేదు. అవి తను గీసిన బొమ్మలేనని, నిజం దోమలు కావని చెప్పింది.

“ఓటర్ల జాబితాలో ఉన్నవీ బొమ్మలేనమ్మా. ఎన్నికలు జరగడం లేదూ?” అన్నారు కమిషనరు గారు.

పైగా గడియారం సెంటర్లో పెద్ద తెర కట్టి ఆటని ఊరంతటికీ చూపిస్తామన్నారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఒక గదిలో కూర్చుని ఒక్కొక్క గడీ పేర్చుకున్న మనిషికి ఆ మాట చెవిన పడితే కళ్ళు మూతపడతాయి. కొన్నాళ్ళు ఆడుకుంటారు, వాళ్ళే మానేస్తారులే అనుకుని, ఆటని పురపాలక సంఘానికి ఇచ్చేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టేసింది.

వాళ్ళు మానలేదు. వారం తిరిగేసరికి ‘డిజిటల్ క్షేత్రమందు దోమల సమూల నిర్మూలనా మహోద్యమం’ మొదలైంది. కాలవలు తవ్వే పనివాళ్ళ చేతుల్లోంచి పారలు తీసుకుని షెడ్డులో పెట్టి తాళం వేశారు. అందరినీ కౌన్సిలు హాల్లో వరసగా కూర్చోబెట్టి తలా ఒక ఫోను ఇచ్చారు. పనివాళ్ళు మొదట బిక్కచచ్చి చూశారు గానీ, ఫ్యాను కింద కూర్చుని చేసే పని అని తెలిశాక సర్దుకున్నారు. అందరికంటే సంతోషించినవాడు గంగరాజు. పొగ లేదు, దగ్గు తగ్గింది. రాణి దోమ ఉపన్యాసాన్ని నిద్రపోకుండా మొత్తం విన్న మొదటి మనిషి ఆయనే. కౌన్సిలు సమావేశాలకి హాజరైన అనుభవం అక్కరకొచ్చింది అన్నాడు.

పనితో పాటు సమస్యలూ వచ్చాయి. బొటనవేలు నొప్పిని విధి నిర్వహణలో తగిలిన గాయంగా గుర్తించాలని పనివాళ్ళ సంఘం అర్జీ పెట్టుకుంది. ఒక వార్డులో పుట్టిన దోమ పక్క వార్డులోకి ఎగిరాక చంపితే అది ఎవరి ఖాతాలో పడాలని ఇద్దరు కౌన్సిలర్లు కుర్చీలు ఎత్తుకున్నారు. జన్మస్థలమే ప్రమాణమని కమిషనరు గారు తీర్పు చెప్పారు. గడియారం సెంటర్లో పెద్ద తెర మీద చచ్చిన దోమల అంకె గిర్రున తిరుగుతుంటే జనం కింద నిలబడి కాళ్ళు గోక్కుంటూ చూసేవారు.

కొన్నాళ్ళకి కమిషనరు గారు వకుళని మళ్ళీ పిలిపించారు. ఈసారి ఆయన ముఖం వాడిపోయి ఉంది. గంగరాజు నాయకత్వంలో పనివాళ్ళు ఆటని చివరి దాకా ఆడేశారట. రాణి దోమ చచ్చిపోయిందట.

“మంచిదే కదండీ,” అంది వకుళ.

“ఏం మంచి? వచ్చే త్రైమాసికానికి లక్ష్యం పెంచారు. పట్టణంలో దోమల కొరత ఏర్పడింది. తక్షణం సరఫరా పెంచాలి.”

ఆ విధంగా దోమల్ని నిర్మూలించే శాఖ వాళ్ళే దోమల్ని ఉత్పత్తి చెయ్యమని రాతపూర్వకంగా ఉత్తరువు ఇచ్చారు. వకుళ కొత్త అంకాలు గీసింది. రాణి దోమకి ఒక చెల్లెల్ని, ఒక ఆడపడుచుని, ఒక మేనత్తని పుట్టించింది. మొదట్లో నవ్వుకుంటూనే గీసింది. మేనత్త దగ్గరికి వచ్చేసరికి నవ్వు రావడం మానేసింది. కిటికీలోంచి చూస్తే కాలవ కనిపిస్తుంది. పార పడక నాచు గట్టుదాకా లేచింది. సాయంత్రం కిటికీ తెరిస్తే గది నిండా దోమలే.

మేనత్త కూడా నేలకొరిగాక మల్లెలరేవుని దోమరహిత పట్టణంగా ప్రకటించారు. దీని వెంట ఒక చిక్కు వచ్చింది. ఊళ్ళో దోమలు లేవని ప్రకటించాక ఇళ్ళల్లో కుడుతున్నవి ఏమిటని కొందరు అడగడం మొదలుపెట్టారు. కమిషనరు గారు దానికి తడుముకోలేదు. ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, అంటూ మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది. పురపాలక సంఘానికి చెందిన దోమలన్నీ నిర్మూలించబడినవి, ప్రస్తుతం కనబడుచున్నవి అనధికార దోమలు, ఎవరి ఇంట దోమ కనబడిన అది ఆ ఇంటివారు పెంచుకొనుచున్నదిగా భావించబడును, పెంపుడు కుక్కల మాదిరే వాటికిని లైసెన్సు పొందవలెను.

ఆ ఆటో కొట్టు ముందునుంచి వెళ్ళిన రోజున మాణిక్యాంబ కుట్టుమిషను ముందు కూర్చుని వణుకుతోంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. వకుళ ఆమెని రిక్షాలో పురపాలక ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వరండా నిండా అదే జ్వరం. చాపలు పరుచుకుని పడుకున్నారు జనం.

కుర్ర డాక్టరు మాణిక్యాంబ కళ్ళు చూసి, నాలుక చూసి, కలం పట్టుకుని ఆగిపోయాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“దోమకాటు జ్వరమని రాయడానికి లేదండీ. ఊళ్ళో దోమల్లేవు కదా. ‘కారణం తెలియని వేడి’ అని రాస్తాను. మందు మాత్రం దోమకాటు జ్వరానిదే ఇస్తాను, వేసుకోండి.”

ఆ రోజుల్లో వకుళ ఆట ముట్టుకోలేదు. తల్లి మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ, విసనకర్రతో అనధికార దోమల్ని తోలుతూ గడిపింది. వరండాలో చాపల మీద చూసిన ముఖాలు కళ్ళముందు మెదిలేవి. వాళ్ళల్లో సగం మంది తన ఆట బాగుందని తనతో చెప్పినవాళ్ళే. తల్లి ఒక్క మాటైనా అంటే బాగుండునని చూసింది. జ్వరం కాస్త దిగిన పూట మాణిక్యాంబ, కూతురి ఫోనులో పుల్లయ్య గెంతుతున్న బొమ్మ కేసి చూస్తూ నీరసంగా అడిగింది.

“ఏమే, ఈయన ఎంతసేపూ మేడలమీదే గెంతుతాడేంటి? ఒక్కసారైనా కిందికి దిగి కాలవ చూడ్డా?”

వకుళ ఆ ప్రశ్నకి నవ్వింది గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తల్లికి గంజి తాగించి పైగదికి వెళ్ళింది.

పెద్ద తెరతో పాటు ఊళ్ళో కెమెరాల పని కూడా పురపాలక సంఘం వాళ్ళు ఇదివరకే ఆమెకి అప్పగించారు. వంతెన మీద, కాలవలో చెత్త వేసేవాళ్ళని పట్టుకోడానికి పెట్టిన కెమెరా ఒకటుంది. ఆ కెమెరాలో కనిపించే కాలవనే ఆటలోకి తెచ్చి కలిపింది. కెమెరాలో నీళ్ళు కదిలితే ఆటలో దోమలు చస్తాయి. నీళ్ళు నిలబడి ఉంటే చచ్చిన ప్రతి దోమకీ రెండు లేస్తాయి. పుల్లయ్య ఎన్ని గుళ్ళు పేల్చినా అంతే. కళ్ళజోడు రాణి మళ్ళీ బతికి వచ్చి ఈసారి ఒకే ఒక్క మాట అంటుంది: ‘ముందు కాలవ సంగతి చూడు నాయనా.’

మర్నాడు కౌన్సిలు హాల్లో గగ్గోలు లేచింది. కొట్టినకొద్దీ దోమలు పెరుగుతున్నాయి. గడియారం సెంటర్లో అంకె వెనక్కి తిరగడం మొదలుపెట్టి, సున్నా దాటి, బతికున్న దోమల లెక్క చూపిస్తోంది. నెలల తరబడి తమ ఇళ్ళల్లో చూస్తున్నది తెర మీద కనిపించేసరికి జనం పనులు మానుకుని అక్కడే నిలబడ్డారు. ఎవరో ఈలలు కూడా వేశారు. అదే వారంలో దోమల నిర్మూలనకి అవార్డు నిర్ణయించడానికి రాజధాని నుంచి సంచాలకులు వస్తున్నారు.

కమిషనరు గారు వకుళని పిలిపించి, ఆ దోమల్ని వెంటనే తగ్గించమన్నారు. వకుళ ఈసారి తల దించుకోలేదు.

“ఆటలో ఉన్నదే అధికారికమని మీరే అన్నారు కదండీ. ఆటలో కాలవ పూడిపోయి ఉంది. నీళ్ళు కదిలితే వాటంతటవే తగ్గుతాయి.”

“నీళ్ళు కదలాలా, నీళ్ళు కదిలినట్టు కెమెరాకి కనిపించాలా?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కనిపించాలి అంది. నీళ్ళే కదలాలని అబద్ధం ఆడకపోవడమే తరవాత కథకి కారణం.

సాయంత్రానికల్లా వంతెనకి ఈ కొస నుంచి ఆ కొసకి ఫ్లెక్సీ కట్టారు. దాని మీద కొండల్లోంచి దూకే సెలయేరు, సెలయేట్లో హంసలు, మూల నమస్కారం పెడుతూ కమిషనరు గారు. కెమెరాకి ఫ్లెక్సీ తప్ప ఏమీ కనపడదు. అయితే ఫ్లెక్సీలో నీళ్ళు కదలవు కదా. దోమల అంకె పెరుగుతూనే ఉంది. అప్పుడు కమిషనరు గారు నలుగురు పనివాళ్ళని పిలిపించి ఫ్లెక్సీని నాలుగు మూలలా పట్టుకుని ఊపమన్నారు. ఊపారు. సెలయేరు అలలు తిరిగింది. హంసలు పైకీ కిందికీ ఊగాయి. గడియారం సెంటర్లో అంకె తగ్గడం మొదలుపెట్టింది.

వకుళ కిటికీలోంచి అది చూసి, తన తెలివి అంతటితో సరి అని నీరుగారిపోయింది.

కానీ ఊపేవాళ్ళకి చేతులుంటాయి, చేతులకి నొప్పి ఉంటుంది. ఊపడం ఆపితే అంకె పెరుగుతుంది. ఆపకుండా ఉండాలంటే మూడు పూటలా మనుషులు మారాలి. హాల్లో కూర్చుని బొటనవేళ్ళు వాచినవాళ్ళే ఇక్కడికి వచ్చి భుజాలు కూడా పోగొట్టుకుంటున్నారు. కింద మురుగు కంపు, ముఖం నిండా దోమలు, తోలుకోడానికి చేతులు ఖాళీ లేవు. రెండో రోజు మధ్యాహ్నానికి గంగరాజుకే విసుగొచ్చింది. ఆయన వంతు ఊపి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

“ఈ గుడ్డ ఊపే కష్టంలో సగం కష్టం పడితే కాలవ తవ్వెయ్యొచ్చు కదరా,” అన్నాడు.

ఒకడు లేచి వెళ్ళి షెడ్డు తాళం తీయించాడు. మిగతావాళ్ళు వెనకే వెళ్ళి పారలు తెచ్చుకున్నారు. నలుగురిని ఫ్లెక్సీ ఊపుతూ ఉండమని, దాని చాటున, కమిషనరు గారికి తెలియకుండా, కాలవలోకి దిగారు. వకుళ గట్టు మీంచి మంచినీళ్ళ బిందెలు అందించింది. జ్వరం నుంచి లేచిన మాణిక్యాంబ కొట్టు అరుగు మీద కూర్చుని, అక్కడ కాదు, ఆ మూల అని చెప్పింది. కాలవలోంచి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, ఒక నులకమంచం వచ్చింది, రెండు సైకిళ్ళు వచ్చాయి, పాత ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థి కటౌటు వచ్చింది. అన్నిటికంటే అడుగున ‘ఇందులో చెత్త వేయరాదు’ అన్న పురపాలక సంఘం వారి బోర్డు దొరికింది. అది తియ్యగానే నీళ్ళు గుడగుడమని కదిలి, కాసేపు ఆలోచించి, పారడం మొదలుపెట్టాయి.

గాలికో, పాతపడిన తాళ్ళకో, ఫ్లెక్సీ ఊడి నీళ్ళల్లో పడింది. కమిషనరు గారు నమస్కారం పెడుతూ హంసలతో సహా సముద్రం వైపు సాగిపోయారు.

సంచాలకులు వచ్చేసరికి పెద్ద తెర మీద సున్నా ఉంది. ఆటలో దోమ లేదు. గాలిలో కూడా పెద్దగా లేవు. కమిషనరు గారు పొంగిపోయి, పూలమాల వేసి, తెర ముందుకి తీసుకొచ్చి చూపించారు. సంచాలకులు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు ఆ సున్నాని పరీక్షించారు.

“ఈ వారంలో మీ నిర్మూలన?” అని అడిగారు.

“దోమలే లేవు సార్.”

“అది నేను అడగలేదు. దోమలు లేకపోవడం ఒక స్థితి. నిర్మూలించడం ఒక ప్రగతి. స్థితికి అవార్డివ్వడానికి నిబంధన లేదు.”

కమిషనరు గారు ఏదో చెప్పబోయారు. లేని దోమని ఎలా నిర్మూలిస్తారండీ అని సంచాలకులే ఎదురడిగి, ఏమీ చెయ్యని పట్టణంగా మల్లెలరేవు పేరు రాసుకుని కారెక్కారు. అవార్డు పక్కనున్న పట్టణానికి వెళ్ళింది. వాళ్ళు కూడా అదే ఆట తెచ్చుకున్నారు గానీ, వాళ్ళ కాలవ మీద కెమెరా లేదు. వాళ్ళకి దోమలు పుష్కలం. అంత ప్రగతి ఉన్నచోట సమర్థుడు కావాలని, పది రోజులు తిరక్కుండా విశ్వపతి గారిని అక్కడికే బదిలీ చేశారు.

ఫలితం ఇవ్వని ఆట కనక పురపాలక సంఘానికి అక్కర్లేదని తీర్మానించి, ఆటని వకుళకి తిరిగి ఇచ్చేశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టించుకోడానికి, వెళ్ళిపోయే ముందు కమిషనరు గారు తనే కొట్టుకి వచ్చారు. అప్పుడే కరెంటు పోయింది. వకుళ అరుగు మీద కుర్చీ వేసింది. మాణిక్యాంబ స్టవ్వు మీద టీ పెట్టి గ్లాసులో తెచ్చి ఇచ్చింది. చీకటి పడుతోంది. కాలవ మీంచి చల్లటి గాలి వస్తోంది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. గట్టు పొడుగునా జనం మంచాలు వేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

కమిషనరు గారు టీ తాగారు. చొక్కా పై గుండీ తీసుకున్నారు. అలవాటు చొప్పున చెయ్యెత్తి మెడ మీద కొట్టుకోబోయి, అక్కడ ఏమీ లేకపోయేసరికి ఆ చేతిని ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇంతసేపయింది, ఒక్కటీ కుట్టలేదేమిటమ్మా?” అన్నారు.

“కాలవ తవ్వారు కదండీ మీవాళ్ళు,” అంది మాణిక్యాంబ.

ఆయన కాలవ కేసి చూశారు. ముఖం మెల్లమెల్లగా మెత్తబడింది. ఈయన ఏదో మంచిమాట అనబోతున్నాడని వకుళకి అనిపించింది. ఆయన గ్లాసు కింద పెట్టి, మంచాల మీది జనానికి వినపడకుండా ముందుకి వంగారు.

“ఈ సంగతి మీరెక్కడా అనకండమ్మా. మంజూరు లేని పని అది. తెలిస్తే మళ్ళీ పూడ్చమంటారు.”